కడిగిన వేర్లు

ఆయన పోయారని నాకు చెప్పింది మా అమ్మే. బడిలో పాఠాలు చెప్పి వచ్చి చెప్పులు విడుస్తున్నాను. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే అంది.

"ఎర్కేనా బిడ్డా? మన జమ్మిచెట్టును సంపిన సారు లేడూ, గాయన సచ్చిపోయిండట. ఆళ్ల ఊర్లనే. మీ కాక గోదావరిఖని పోతే ఎవరో చెప్పిండ్రట."

ఒక చెప్పు కాలికుండగానే మెట్టు మీద కూర్చుండిపోయాను. అమ్మ అదేమీ గమనించలేదు. "గింత ముదిరిన కాయలు అంటగట్టింది" అని కూరగాయలామెను తిట్టుకుంటూ ఇంకో పిడికెడు ఒళ్లో వేసుకుంది. చెట్టును చంపిన సారు. మా కాలనీలో ఈ మాట ఎంత అరిగిపోయిందంటే, ఇప్పుడందులో కోపం కూడా పెద్దగా లేదు. ఆయన ఇంటిపేరులా అయిపోయింది. నాకు మాత్రం ఆ మాట వినబుద్ధి కాదు. ఎందుకో అమ్మకు చెప్పలేను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. మా ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలిచిందీ లేదు. సముద్రం వైపు మనిషి. బొగ్గు కంపెనీలో మొక్కలు పెంచే విభాగంలో ఆఫీసరు. ఓపెన్‌కాస్టు గని తవ్వేటప్పుడు బొగ్గు మీదున్న రాయీ రప్పా ఎత్తి పక్కన గుట్టలుగా పోస్తారు కదా, ఆ గుట్టల మీద చెట్లు బతికించడం ఆయన ఉద్యోగం. ఉద్యోగానికి తగ్గట్టే ఉండేవారు. సన్నగా, ఎండిపోయి, ఏదో పారేసుకున్నవాడిలా ఎప్పుడూ నేలచూపులు చూస్తూ. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చెంచా ఉండేది.

ఆ చెంచాను మేం మొదట చూసింది మా ఊరు గనికి పోతుందని తేలిన ఏడాది. అధికారులు ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఒకరు ఇళ్లు కొలిచారు, ఒకరు బావులు చూసుకుపోయారు. ఈయన వచ్చి తిన్నగా మా పెరట్లో కందిచెట్టు మొదట్లో చతికిలబడ్డారు. చెంచాతో తవ్వి, దారప్పోగంత వేరు పైకి తీసి, విదిలించి, వాసన చూసి, మొహం విప్పార్చుకుని అరిచారు.

"అమ్మా, మీ ఇంట్లో బూజు ఎంత బాగుందండీ!"

మా అమ్మ ఇల్లు అద్దంలా పెట్టుకునే మనిషి. చేతిలో చీపురుతో సహా పెరట్లోకి వచ్చి నిలబడింది. "మా ఇంట్ల బూజు నువ్వెక్కడ సూసినవ్ సారూ? సూపియ్యి. సూపిచ్చినంకనే పోవాలె."

ఆయన కంగారుపడి, ఇంటి బూజు కాదనీ మన్నులో బూజు అనీ చెప్పుకొచ్చారు. "వేరును విదిలించినా ఈ మట్టి రాలట్లేదు చూశారా? పట్టుకున్నది అదేనండి. కంటికి కనబడదు. వేరు ఎంత సన్నదైనా మట్టి సందుల్లోకి పూర్తిగా దూరలేదు. బూజు పోగు దూరుతుంది. అక్కడ ఇరుక్కున్న భాస్వరం, చెమ్మ, అన్నీ పట్టుకొచ్చి వేరుకిస్తుంది. చెట్టు ఊరికే తీసుకోదండి. ఆకుల్లో వండుకున్న తీపిలో దానికి వాటా పంపిస్తుంది. బూజుకి ఆకుల్లేవు కదా, అది వండుకోలేదు."

అమ్మ చీపురు కిందికి దించింది. "అంటే మా ఇంటాయన లెక్క. ఆయన మనం పోలేని కాడికి బొగ్గుబాయిల దిగుతుండె, నేను వండి సద్ది కడుతుంటి."

"అంతేనమ్మా, అచ్చం అంతే."

"మరి గా బూజుకు ఏ షిఫ్టు సారూ?"

"షిఫ్టు లేదమ్మా దానికి. డ్యూటీ దిగడమే లేదు."

"అయ్యో! యూనియన్ పెట్టుకొమ్మను."

ఆయన నవ్వడం అప్పుడే చూశాను. నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు తగ్గేదాకా కూర్చోబెట్టి అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆ పూట నుంచి ఆయన ఊరందరికీ బూజు సారు, మా అమ్మకు మాత్రం చుట్టం. ఊరికి వస్తే మా ఇంటికి రాకుండా పోయేవారు కాదు. అమ్మ కూడా మక్క గుడాలు ఉడకబెట్టిన రోజు "ఇయ్యాల బూజు సారు రాకపాయె" అనేది. నాన్న పోయాక ఆమె ఎవరితోనైనా పరాచికాలాడటం నేను చూసింది ఆయనతోనే.

ఆయన దగ్గర రెండు టిఫిన్ డబ్బాలుండేవి. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో మన్ను. పాత అడవిలోనో, గట్ల మీదో బాగా బతికిన చెట్టు కింద గుప్పెడు మన్ను తీసి, మట్టిగుట్ట మీద నాటే మొక్క గుంటలో వేసేవారు. గుట్ట మట్టిలో ఏమీ ఉండదట. లోతు నుంచి వచ్చిన రాతిపొడి. అందులో మొక్క నాటడమంటే తెలిసినవాళ్లు ఒక్కరూ లేని ఊళ్లో పిల్లను దించి రావడమేననేవారు. ఒకసారి పెద్ద ఆఫీసర్ల మీటింగులో భోజనాల దగ్గర మన్ను డబ్బా తెరిచారట. అందరూ నవ్వితే, "ఇది వడ్డించేది కాదండీ, వడ్డించేవాళ్లు దీంట్లో ఉన్నారు" అని మూతపెట్టి, రెండో డబ్బా ఇంట్లో మర్చిపోయి వచ్చినందుకు ఆ పూట పస్తున్నారట. ఇది ఆయన చెప్పగా విన్నదే. ఆయన మీద జోకులు ఆయనే వేసుకుని, ఆయనే దగ్గేవారు.

ఎరువుల ఫ్యాక్టరీ ఉన్న రామగుండం పక్కన ఉంటూ ఎరువుతో పోట్లాడిన మనిషి ఆయన. కాలనీలో ఎవరైనా గులాబీ మొదట్లో డీఏపీ ఎరువు గుప్పిళ్లతో చల్లుతుంటే ప్రహరీ ఇవతల నుంచే గొడవ పెట్టుకునేవారు. "అడక్కుండానే అంత భాస్వరం పోస్తే వేరు బూజును పిలవడం మానేస్తుందండీ. రేపు మీరు పొయ్యకపోతే ఎవరిని పిలుస్తుంది?" వాళ్లు లోపలికి పోయి తలుపేసుకునేవారు. ఆయన కాసేపు తలుపుతో మాట్లాడి వెళ్లిపోయేవారు.

ఇక జమ్మిచెట్టు.

మా ఊరి పొలాల చివర ఉండేది. దసరా సాయంత్రం ఊరంతా దాని దగ్గరికి పోయి, ఆకు తెంపుకుని, బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, అలాయిబలాయి చెప్పుకుని వచ్చేది. మాట్లాడుకోని అన్నదమ్ములు కూడా ఆ చెట్టు కింద ఎదురుపడితే ఆకు పెట్టక తప్పేది కాదు. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఇళ్లకు లెక్క కట్టారు, పొలాలకు కట్టారు, ఒప్పుకున్నారు. చెట్టు దగ్గర మాత్రం అందరూ మొండికేశారు. మాకిచ్చే కొత్త కాలనీలో కొత్త జమ్మి నాటిస్తామంటే మా అమ్మ అంది, "కొత్త మొగని తెచ్చిస్తమన్నట్టున్నది ముచ్చట. మా చెట్టు రావాలె. లేకుంటే మేం రాం."

ఆ చెట్టును పెకలించి తెచ్చి నాటుతానని పైవాళ్లను ఒప్పించింది ఈయనే. ఒప్పించి వచ్చి మా గుమ్మం ముందు నిలబడి, "తెస్తానమ్మా. బతికిస్తాను" అన్నారు. అమ్మ ఆయన చేత తన చేతిలో చేయి వేయించుకుంది.

అప్పటి నుంచి ఆయనకు నిద్ర ఉండేది కాదనుకుంటాను. జమ్మి వేరు ఎంత లోతుకు పోతుందో ఎవరికీ తెలియదు, అంతా తేలేం, పెద్ద వేరు తెగక తప్పదు అని మాతో ముందే చెప్పారు. "అందుకే పైనున్న సన్న వేర్లే దానికి దిక్కు. వాటి మట్టి రాలకూడదు. మనం ఎత్తేది చెట్టును కాదండీ, మట్టిముద్దను. చెట్టు దాని మీద కూర్చుని వస్తుంది." కూలీలకు ఇదే చెప్పారు, మన్ను తవ్వే ప్రొక్లెయిన్ డ్రైవరుకు ఇదే చెప్పారు. ఆడవాళ్లకు చెప్పాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఎందుకు తోస్తుంది? చెట్టును ఎత్తే పనిలో ఆడవాళ్లు లేరు కదా.

తొలకరి వానలు పడ్డాక ఒక ఉదయం చెట్టు చుట్టూ తవ్వారు. మట్టిముద్దను గోనెపట్టాలతో చుట్టి తాళ్లతో కట్టారు. క్రేను వచ్చింది. అంతలో కొత్త కాలనీ దగ్గర తవ్విన గుంటలో నీళ్లు నిలిచాయని కబురొస్తే, చూసి ఇప్పుడే వస్తానని ఆయన జీపులో వెళ్లారు. తిరిగి వస్తుంటే బ్లాస్టింగ్ వేళయింది. గనిలో మందు పేల్చే సమయానికి ఎర్రజెండా అడ్డం పెట్టి రోడ్డు ఆపుతారు. ఆఫీసరైనా ఒకటే, బర్రె అయినా ఒకటే. ఆయన జీపు అటువైపు ఆగిపోయింది.

ఇటువైపు ఆడవాళ్లంతా చెట్టు చుట్టూ చేరారు. అందరికన్నా ముందు మా అమ్మ. గోనెపట్టాలో, బురదలో ఉన్న చెట్టును ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"ఆడిబిడ్డను మట్టికాళ్లతోటి సాగనంపుతమానే?" అంది.

అంతే. తాళ్లు విప్పారు. బోరింగు నుంచి చెట్టు దాకా బిందెలు నడిచాయి. బిందెల్లో పసుపు కలిపారు. వేర్ల మధ్య చేతులు పెట్టి, పసిపిల్లకు కాళ్లు రుద్దినట్టు రుద్దారు. మట్టి పెళ్లలు పెళ్లలుగా గుంటలోకి జారిపోయింది. బరువు తగ్గిందని క్రేను డ్రైవరు కూడా సంతోషించాడు. పచ్చగా మెరుస్తున్న వేర్లకు బొట్లు పెట్టారు. ఎర్రగుడ్డ చుట్టారు. ఒడిబియ్యం పోశారు. ఎవరో పాట అందుకుంటే తక్కినవాళ్లు ఏడుపందుకున్నారు. నేనూ ఏడ్చాను. ఆ చెట్టు అంత అందంగా ఎప్పుడూ లేదు.

ఆయన జీపు ఆగీ ఆగకముందే దిగారు. నాలుగడుగులు వేసి నిలబడిపోయారు. అమ్మ తడిచేతులతో, తడికళ్లతో ఆయన దగ్గరికి పోయింది.

"ఎట్లున్నది సారూ మా బిడ్డ?"

ఆయన నోరు తెరిచారు. ఏదో అనబోయారు. అమ్మ మొహం చూశారు.

"చాలా బాగుందమ్మా" అన్నారు.

అని గుంటలోకి దిగిపోయారు. ప్యాంటుతోనే మోకాళ్లదాకా బురదలో కూర్చుని, జారిన మట్టిని దోసిళ్లతో ఎత్తి వేర్లకు మెత్తడం మొదలుపెట్టారు. ఆడవాళ్లు గొల్లున నవ్వారు. "గదేంది సారూ, కడిగిన దానికి మల్ల బురద పూస్తున్నవ్? బొట్లన్ని పోతయి!" అని అమ్మే ఆయన రెక్క పట్టుకుని ఆపింది. ఆయన ఆగిపోయారు. బ్లాస్టింగ్ అయిపోయి రోడ్డు తెరిచారని, జల్దీ కానివ్వమని క్రేను డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆయన జీపులోంచి డబ్బా తెచ్చి, అందులో అన్నం పక్కన పారబోసి, గుంట అంచు నుంచి తడవని మన్ను నింపుకున్నారు. రెండో డబ్బా కూడా నింపుకున్నారు. ఆ పిచ్చి చూసి మేం ఇంకా నవ్వుకున్నాం.

కొత్త కాలనీలో జమ్మి చిగురించింది. దసరా నాటికి కొమ్మ కొమ్మకూ లేత ఆకు. అమ్మ బెల్లం పంచింది. మొదటి ఆకు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టి, "మాట నిలబెట్టుకున్నవ్ సారూ" అంది. ఆయన ఆకు కళ్లకద్దుకున్నారు. కానీ మొహంలో పండగ లేదు. నేను అడిగితే, "అది లోపల దాచుకున్న తిండితో వేసిన చిగురండీ టీచరు గారూ. కొత్త సంపాదన ఇంకా మొదలవలేదు" అన్నారు. మనిషికి సంతోషపడటం చేతకాదనుకున్నాను.

చలికాలంలో ఆకు రాలింది. ఎండలు వచ్చాయి. రామగుండం ఎండల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆయన ట్యాంకరు తెప్పించి నీళ్లు పోయించారు, తడక కట్టించారు, డ్యూటీ అయ్యాక వచ్చి చెట్టు మొదట్లో కూర్చునేవారు. చెంచాతో తవ్వి వేరు తీసి విదిలించేవారు. మట్టి మొత్తం రాలిపోయేది. మళ్లీ కప్పెట్టేవారు. ఒకరోజు కొమ్మ విరిస్తే పుల్లలా టప్పున విరిగింది.

కాలనీ అంతా చేరింది. అమ్మ ఆయన ఎదురుగా నిలబడి అడిగింది. "నీ చేతుల పెట్టినం. ఏం జేసినవ్ సారూ మా చెట్టును?"

నాకు ఆ మొహం ఇంకా గుర్తుంది. ఆయన అమ్మ చేతుల వైపు చూశారు. తర్వాత నేలను చూశారు. "పొరపాటు జరిగిందమ్మా. నా చేతిలోనే జరిగింది" అన్నారు.

అమ్మ మళ్లీ ఆయనతో మాట్లాడలేదు.

ఆ వానాకాలంలో బడికి మొక్కలు అడగడానికి నేను సెంటినరీ కాలనీలో ఆయన క్వార్టరుకు వెళ్లాను. వెనక వరండాలో రెండు కుండీలు. రెండింట్లోనూ మట్టిగుట్ట మన్నే, రెండింట్లోనూ ఒకే రోజు నాటిన జొన్న మొక్కలే. ఒకటి నడుమెత్తు పెరిగింది. రెండోది జానెడు లేచి, ఊదారంగుకు తిరిగి ఆగిపోయింది.

"పెరిగినదాన్ని వేర్లకంటిన ఊరి మన్నుతో పాటే పెట్టాను. రెండోదాన్ని వేర్లు కడిగి పెట్టాను" అన్నారు. నేను అడగలేదు. చెప్పకుండా ఉండలేకపోయినట్టున్నారు. "రెండూ ఒకేలా వస్తే బాగుండునని రోజూ చూస్తున్నానండి."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పసుపునీళ్ల బిందెలు, అమ్మ చేతులు, ఆమె మొహం అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. "పసుపు వల్లనా సారూ?" అన్నాను.

"పసుపు సంగతి నాకు తెలీదండి. కడగడం సంగతి తెలుసు. అలాగని అదొక్కటే చంపిందనీ అనలేను. పెద్ద వేరు తెగింది, ఎండలు... కడక్కపోయినా పోయేదేమో. బతికేదేమో. ఎవరు చెబుతారు?" కుండీ అంచు మీద మట్టి తుడుస్తూ అన్నారు. "అమ్మకి చెప్పకండి. నా మీద కోపంతో ఆవిడ బాగానే ఉంటారు. ఆవిడ కోపం ఆవిడ మీదికి తిరిగితే ఉండలేరు."

"మరి మీరు?"

ఆయన దగ్గారు. నవ్వు రాకుండానే దగ్గు వచ్చింది.

తర్వాతి దసరాకు కాలనీవాళ్లు ఎక్కడి నుంచో జమ్మికొమ్మ తెచ్చి మా ఎండుమోడుకు కట్టారు. ఆయన వచ్చి రోడ్డు పక్కన స్కూటరు దగ్గరే నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు. అమ్మ ఆయన పక్కనుంచే నడిచి వెళ్లింది. నేను పోయి ఆకు పెట్టాను. తీసుకుని, అలవాటు కొద్దీ నలిపి వాసన చూసి, జేబులో చెంచా పక్కన పెట్టుకున్నారు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసే ముందు నన్ను పిలిచి ఒక కుండీ ఇచ్చారు. జమ్మి గుంట నుంచి ఆ రోజు డబ్బాల్లో తెచ్చిన మన్ను అందులో కలిపి ఉంది. మా ఊరు ఉన్నచోట అప్పటికే పెద్ద గొయ్యి. ఆ నేల ఏ గుట్ట అడుగున పడిందో ఎవరికీ తెలియదు. ఊరి మన్ను అంటూ భూమ్మీద మిగిలింది ఆ కుండీలోదే. "దీంట్లో ఎప్పుడూ ఏదో ఒక మొక్క ఉండాలండి. బతికున్న వేరు లేకపోతే బూజు ఉండదు. ఏదైనా సరే, వేసి ఉంచండి" అన్నారు. అదే ఆఖరుసారి చూడటం.

కుండీ బడిదని ఇంట్లో చెప్పాను. అమ్మ దాన్ని గుమ్మం పక్కన పెట్టుకుని బంతి వేసింది. అది పోతే మిరప, మళ్లీ బంతి. దాన్ని ఖాళీగా ఉంచిన రోజు లేదు. ఏం వేసినా మంచిగ వస్తున్నది, ఏం మన్నో గాని, అంటుంది.

ఇప్పుడు చిక్కుడుకాయలు అయిపోయాయి. అమ్మ ఈనెలు దులుపుకుని లేచి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. నేను ఇంకా మెట్టు మీదే ఉన్నాను.

"ఒట్టిగ అనకూడదు, మనిషి మంచోడే. మజ్జిగ తాగుకుంట ఎంత నవ్వుతుండె" అంది. చెంబు వంచి కుండీలో బంతి మొదట్లో కొద్దికొద్దిగా పోసింది. "గాయన పేరు మీద పోస్తున్న. పోయినోళ్ల మీద కోపం పెట్టుకోవద్దు బిడ్డా. నేనైతే మాఫ్ చేసిన. తెల్వక చేసిండు."

తడిసిన మన్ను వాసన వచ్చింది. మాట నా నోటిదాకా వచ్చింది. ఆమె చేతులు చూశాను. ముడతలు పడ్డాయి, ఈనెల పసరు అంటుకుని ఉన్నాయి.

"మంచిగ చేసినవమ్మా" అన్నాను.

"చేసిన గని..." ఖాళీ చెంబు పట్టుకుని అమ్మ ఎండుమోడు ఉన్న వైపు చూసింది. "గంత మంచిగ కడిగి, పసుపు వెట్టి, ఒడిబియ్యం వోసి సాగనంపితిమి గద. ఏం జేసిండో ఏమో."